అసలు బీరు ఏది బావా?

మా బావకి బీరు విషయంలో ఒక మొండి నమ్మకం ఉంది. పేరు ఒకటే, లేబుల్ ఒకటే, పక్కపక్కన పెడితే తేడా కనిపించదు, అయినా సరే ఆ బ్రాండు పుట్టిన దేశం నుంచి ఓడెక్కి వచ్చిందైతేనే ఆయన దృష్టిలో అది బీరు. అదే పేరు మీద దగ్గర్లోని ఫ్యాక్టరీలో తయారైతే ఉత్త రంగునీళ్లు. "ఒరేయ్, మూత తియ్యగానే తెలిసిపోతుంది, ఆ వాసనే వేరు" అంటాడు. చాలా ఏళ్లు నేనూ ఇదే పాట పాడాను, అబద్ధం ఎందుకు. ఎవరైనా ఇంపోర్టెడ్ సీసా తెస్తే గ్లాసు పైకెత్తి వెలుతురులో చూసి, ఒక గుటక వేసి, ఏదో అర్థమైనవాడిలా తల ఊపేవాణ్ణి. ఏం అర్థమైందని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు, అదృష్టం కొద్దీ ఎవరూ అడగలేదు.

తర్వాత కొంచెం చదివాను, ఆ తర్వాత ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష పెట్టాం. దాని సంగతి చివర్లో చెప్తాను, ఎందుకంటే ముందు ఈ లైసెన్స్ బీరు, అంటే అసలు కంపెనీ అనుమతితో వేరేచోట వేరేవాళ్లు తయారుచేసే బీరు, సంగతేమిటో తెలియకపోతే ఆ పరీక్షలో మజా లేదు.

చాలామంది అనుకునేది ఏమిటంటే, పెద్ద కంపెనీ తన పేరు వాడుకోనిచ్చి డబ్బులు తీసుకుంటుంది, లోపల ఏం పోసుకుంటారో వాళ్ల ఇష్టం అని. అలా జరిగిన సందర్భాలు ఉన్నాయి, వాటి దగ్గరికీ వస్తాను. కానీ మామూలుగా జరిగేది వేరు. హైనెకెన్‌నే తీసుకోండి. 1886లో హార్టోగ్ ఎలియన్ అనే శాస్త్రవేత్త వాళ్ల కోసం ఒక ఈస్ట్‌ని, అంటే బీరుని పులియబెట్టే సూక్ష్మజీవిని, వేరు చేశాడు, ఎ-ఈస్ట్ అంటారు. ఇప్పటికీ ఆ కంపెనీ బీరు ఏ దేశంలో తయారైనా ఆ ఈస్ట్ నెదర్లాండ్స్ నుంచే వెళ్తుంది. ఇది చిన్న విషయం కాదు, బీరులో పండు వాసన, పూల వాసన లాంటివి ఎక్కువగా ఈస్ట్ పుణ్యమే. బార్లీ మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), బీరుకి చేదునిచ్చే హాప్స్ పూలు ఎలాగూ ప్రపంచమంతా ఓడల్లో తిరిగే సరుకులే, ఎండు సరుకు కాబట్టి ప్రయాణంలో పెద్దగా పాడవవు. ఐర్లండ్ బీరు గిన్నిస్ అయితే ఇంకో దారి పట్టింది. వేయించిన బార్లీ రుచి ఉండే చిక్కటి సారం ఒకటి డబ్లిన్‌లో తయారుచేసి బయటి బ్రూవరీలకి, అంటే బీరు ఫ్యాక్టరీలకి, పంపుతుంది, అక్కడివాళ్లు తమ దగ్గర తయారైన లేతరంగు బీరులో దాన్ని కలిపితే అది గిన్నిస్ అవుతుంది. ఇది విన్నప్పుడు నాకు మా ఇంటి మజ్జిగ తోడు గుర్తొచ్చింది. పాలు ఎక్కడివైనా తోడు ఒకటే అయితే పెరుగు మన ఇంటి పెరుగులాగే తోడుకుంటుంది కదా, కొంతవరకు అంతే.

మరి నీళ్లో అంటారు. బావ వాదన మొత్తం నీళ్ల మీదే నిలబడింది. నిజమే, ఒకప్పుడు నీళ్లే బీరు జాతకం రాసేవి. చెక్ దేశంలోని ప్ల్జెన్ ఊరి నీళ్లలో లవణాలు చాలా తక్కువ కాబట్టి అక్కడ 1842లో ఆ లేత బంగారు రంగు పిల్స్‌నర్ అంత బాగా కుదిరింది. ఇంగ్లండ్‌లోని బర్టన్ నీళ్లలో జిప్సం అనే లవణం ఎక్కువ కాబట్టి పేల్ ఏల్ అనే చేదు బీరుకి ఆ ఊరు పేరుపడింది. కానీ ఈ కాలం పెద్ద బ్రూవరీలో నీటిని వడగట్టి, అందులోని లవణాలన్నీ తీసేసి, తమకి కావలసినవి కావలసినంత మళ్లీ కలుపుకుంటారు. ఏ ఊరి నీళ్లయినా తయారుచేసుకోవచ్చు. "ఆ నది నీళ్లు రా" అని బావ అన్నప్పుడల్లా నాకిప్పుడు నవ్వొస్తుంది.

పైగా ఊరికే వదిలెయ్యరు. లైసెన్స్ ఇచ్చిన కంపెనీకి తన పేరంటే భయం ఉంటుంది, అందుకని బయటి బ్రూవరీలలో తయారైన బీరు నమూనాలు తెప్పించుకుని రుచి చూసే వాళ్లని కూర్చోబెట్టి పోల్చి చూస్తుంది. తేడా వస్తే ఫోన్లు, మెయిళ్లు, తయారీ చూసుకునే బ్రూమాస్టర్‌కి టెన్షన్.

ఇదంతా చదివాక లోకల్ పక్షం చేరిపోదామనుకున్నాను గానీ, అప్పుడే ఇంకో సంగతి బయటపడింది. కొన్నిసార్లు బావ అన్నది అక్షరాలా నిజం. పేరు ఒకటే, బీరు వేరు.

ఇంగ్లండ్‌లో హైనెకెన్ కథ చూడండి. అక్కడ దశాబ్దాల పాటు లైసెన్స్ మీద తయారైన హైనెకెన్‌లో ఆల్కహాల్ 3.4 శాతమే, అసలుదానిలో 5 శాతం. అది వేరే బీరు, అంతే, ఇంకో మాట లేదు. చివరికి 2003లో కంపెనీయే ఆ పలచటిదాన్ని తీసేసి 5 శాతం ఉన్న అసలు సరుకు తెప్పించడం మొదలుపెట్టింది. అయ్యో పాఠం నేర్చుకున్నారు అనుకుంటే, 2023లో అదే దేశంలో కార్ల్స్‌బర్గ్ తన డేనిష్ పిల్స్‌నర్‌ని 3.8 నుంచి 3.4 శాతానికి దించింది. కారణం రుచి కాదు, ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన కొత్త పన్ను పద్ధతిలో 3.5 శాతానికి లోపలున్న బీరుకి పన్ను బాగా తక్కువ. అంటే అక్కడ ఆ బీరు ఎంత ఘాటుగా ఉండాలన్నది పన్ను లెక్కలు తేల్చాయి. ఫోస్టర్స్‌ది ఇంకా విచిత్రం. ఆస్ట్రేలియా బీరు అని ప్రపంచమంతా ప్రకటనలు, ఆస్ట్రేలియా వాళ్లు మాత్రం దాన్ని పెద్దగా ముట్టుకోరు, బ్రిటన్‌లో అమ్ముడయ్యేది బ్రిటన్‌లోనే తయారవుతుంది. ఇక్కడ అసలుది ఏది, నకలుది ఏది?

శాన్ మిగెల్ దగ్గరికొస్తే ఆ ప్రశ్నకి అర్థమే పోతుంది. అది 1890లో మనీలాలో పుట్టింది. పేరు చూసి స్పెయిన్‌ది అనుకుంటారు, స్పెయిన్‌లో నిజంగానే శాన్ మిగెల్ ఉంది కూడా, కానీ ఇప్పుడది వేరే కంపెనీ, వేరే బీరు. రెండూ ఒరిజినలే, ఇప్పుడు రెండూ వేర్వేరే. ఇంక నైజీరియా గిన్నిస్. అక్కడ 1960ల మొదట్లో బ్రూవరీ పెట్టారు, 1980ల్లో ఆ దేశం బార్లీ దిగుమతిని ఆపేస్తే జొన్నలు, మొక్కజొన్నలతో నెట్టుకొచ్చారు. 7.5 శాతం ఆల్కహాల్, చిక్కగా, కాస్త తీపిగా ఉంటుంది. దాని రుచికి అలవాటు పడిన నైజీరియన్లు లండన్‌కి వెళ్లాక డబ్లిన్ గిన్నిస్ వాళ్లకి చప్పగా అనిపించింది. దాంతో ఇప్పుడు నైజీరియా గిన్నిస్ బ్రిటన్‌కి ఎగుమతి అవుతోంది! అంటే ఒకచోట లోకల్‌గా మొదలైనదే ఇంకోచోట ఇంపోర్టెడ్ అయి కూర్చుంది. ఇది బావకి చెప్తే ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు, తర్వాత "నైజీరియా సంగతి వదిలెయ్" అన్నాడు.

మన వైపు నుంచి చెప్పాలంటే కోబ్రా ఉంది. లండన్‌లో అమ్మడానికి మొదట బెంగళూరులో తయారుచేయించి ఓడల్లో పంపేవారు. 1997లో తయారీని ఇంగ్లండ్‌కే మార్చేశారు. పేరులో పాము అలాగే ఉండిపోయింది.

ఇంతకీ ఎక్కువమందికి మండేది ఆ బీరు ఇక్కడ తయారైందని కాదు, బయటిదన్న వేషం వేసుకుని వచ్చిందని. ఈ విషయంలో అమెరికాలో జరిగిన ఒక తమాషా నాకు చాలా ఇష్టం. 1970ల్లో మిల్లర్ కంపెనీ జర్మనీకి చెందిన లోవెన్‌బ్రాయ్ పేరు తీసుకుని అమెరికాలోనే తయారుచెయ్యడం మొదలుపెట్టింది. పోటీదారైన ఆన్‌హైజర్-బుష్ 1977లో ప్రభుత్వ సంస్థ దగ్గరికి పోయి, వీళ్లు ఇక్కడి బీరుని జర్మన్ బీరులా చూపించి జనాన్ని మభ్యపెడుతున్నారు అని ఫిర్యాదు చేసింది. న్యాయమే కదా? తర్వాత ముప్పై అయిదేళ్లకి, 2012లో, అదే ఆన్‌హైజర్-బుష్ జర్మనీలోని బ్రేమెన్‌లో పుట్టిన బెక్స్‌ని అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో తయారుచెయ్యడం మొదలుపెట్టింది. డబ్బా మీద జర్మనీలో పుట్టిందని, జర్మన్ క్వాలిటీ అని పెద్దగా, అమెరికాలో తయారైందన్నది మాత్రం చీమ తలకాయంత అక్షరాల్లో. కొన్నవాళ్లు కోర్టుకెక్కారు, 2015లో రాజీ కుదిరింది, కొన్నవాళ్లకి కొంత డబ్బు వెనక్కి ఇవ్వడానికీ, తయారైన చోటు కనపడేలా రాయడానికీ ఒప్పుకోవాల్సొచ్చింది. అప్పట్లో అమెరికాలో తయారైన జమైకా బ్రాండు రెడ్ స్ట్రైప్ మీదా ఇలాంటి కేసే పడింది గానీ నిలవలేదు. జమైకా స్టైల్ అన్నంత మాత్రాన జమైకాలో తయారైందని కాదు అన్నట్టు తేలింది. అయినా 2016లో దాని తయారీని జమైకాకే తీసుకెళ్లిపోయారు, కేసులో గెలిచి కూడా!

సరే, ఇప్పటిదాకా బ్రూవరీ గోడల లోపలి సంగతి. నన్ను మార్చింది మాత్రం గోడల బయటి సంగతి.

బీరు సారాయిలా ఏళ్లు నిలవుండే వస్తువు కాదు, దాని స్వభావం పాలకి దగ్గర. బ్రూవరీ నుంచి బయటికొచ్చిన రోజే దాని మంచి రోజు, అక్కడి నుంచి దిగజారడమే. శత్రువులు ముగ్గురు: గాలి, వేడి, వెలుతురు. సీసాలో కాస్త ఆక్సిజన్ మిగిలితే నెలలు గడిచే కొద్దీ బీరుకి తడిసిన అట్టముక్క రుచి వస్తుంది, హాప్స్ చేదు మొద్దుబారుతుంది, ఏదో పాత తేనెలాంటి తీపి పైకి తేలుతుంది. వేడి దీన్నంతా పరుగులు పెట్టిస్తుంది. బ్రూవరీ వాళ్లు 3-30-300 అని ఒక మోటు లెక్క చెప్తారు: 32 డిగ్రీలు దాటిన వేడిలో 3 రోజులు, గది ఉష్ణోగ్రతలో 30 రోజులు, ఫ్రిజ్ చల్లదనంలో 300 రోజులు, ఈ మూడింటిలో బీరుకి జరిగే నష్టం ఇంచుమించు ఒకటే. ఇప్పుడు ఆ ఇంపోర్టెడ్ సీసా ప్రయాణం ఊహించుకోండి. రేవు, ఓడ మీద ఇనప కంటైనర్, సముద్రం మీద ఎండ, మళ్లీ రేవు, కస్టమ్స్ క్లియరెన్స్ కోసం ఎదురుచూపు, గోడౌన్, లారీ, ఇంకో గోడౌన్, చివరికి షాపు. చల్లటి కంటైనర్లో రావచ్చు, కానీ అందరూ ఆ ఖర్చు పెట్టరు.

వెలుతురు కథ ఇంకా ఘోరం. హాప్స్‌లోని చేదు పదార్థాల మీద వెలుతురు పడితే, బీరులో సహజంగా ఉండే రైబోఫ్లావిన్ సాయంతో అవి విరిగి ఒక గంధకపు పదార్థం పుడుతుంది. స్కంక్ అనే జంతువు వదిలే కంపుకి ఇది దగ్గర చుట్టం. లక్ష కోట్ల భాగాల్లో నాలుగైదు భాగాలున్నా మన ముక్కు పట్టేస్తుంది. గోధుమరంగు సీసా ఆ వెలుతురుని చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చ సీసా పెద్దగా ఆపలేదు, తెల్ల గాజు సీసా అసలు ఆపదు. క్యాన్‌లో ఈ గొడవే లేదు. మరి పేరున్న ఫారిన్ బ్రాండ్లు ఆకుపచ్చ సీసాలోనే ఎందుకొస్తాయంటే అందం, గుర్తింపు, అంతకు మించి ఏమీ లేదు.

ఇక పరీక్ష.

బీరు కంపెనీలు వాడే పద్ధతే తీసుకున్నాం. మూడు గ్లాసులు ఇస్తారు, రెండింట్లో ఒకే బీరు, మూడోదాంట్లో వేరేది, ఆ వేరేది ఏదో చెప్పాలి. ఏమీ తెలియకుండా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది, అందుకే ఒక్కసారి కరెక్టుగా చెప్పినంత మాత్రాన మీసం మెలేసే పని లేదు. నేను, బావ, ఇద్దరు స్నేహితులు, తలా మూడుసార్లు, మొత్తం 12. గ్లాసులకి రేకు చుట్టి రంగు కనపడకుండా చేశాం. పొయ్యడం మా అక్క పని. అక్క తాగదు, కానీ మొగుడు ఓడిపోతుంటే చూడాలన్న ఉత్సాహం మాత్రం ఆమెకి చాలా ఉంది.

12లో నాలుగు గుడ్డిగా కూడా వస్తాయి, ఎనిమిది వస్తే గానీ నిజంగా తేడా తెలిసిందని అనకూడదు. చిన్న లెక్కల్లో ఇలాంటి హద్దులు ఎక్కడ గీయాలన్న శాస్త్రానికి కూడా బీరుతో చుట్టరికం ఉంది తెలుసా? గిన్నిస్‌లో పనిచేసిన విలియం గాసెట్ కొద్దిపాటి నమూనాలతో నమ్మకంగా ఎలా తేల్చాలా అని బుర్ర బద్దలు కొట్టుకుని 1908లో ఒక వ్యాసం రాశాడు, సొంత పేరుతో రాయడానికి కంపెనీ ఒప్పుకోదు కాబట్టి స్టూడెంట్ అని సంతకం చేశాడు. కాలేజీలో స్టాటిస్టిక్స్ చదివి, ఆ వ్యాసంలోంచి పుట్టిన టీ-టెస్ట్‌ని తిట్టుకున్నవాళ్లు ఇకనుంచి గిన్నిస్‌ని తిట్టుకోవచ్చు.

మొదటి జత, ఒకే బ్రాండు, ఇంపోర్టెడ్ క్యాన్, లోకల్ క్యాన్, రెండింటి మీదా 5 శాతం. 12లో అయిదు కరెక్టు. అంటే ఎవరికీ ఏమీ తెలియలేదు. బావ మూడింట్లో ఒకటి.

రెండో జత, ఇంకో బ్రాండు. పేరు చెప్పను, వాళ్ల తప్పూ కాకపోవచ్చు. ఇంపోర్టెడ్‌ది ఆకుపచ్చ సీసా, షాపులో ట్యూబులైటు కింద ముందు వరసలో కూర్చున్నది, గడువు తేదీకి రెండు నెలలే ఉంది. లోకల్‌ది గోధుమరంగు సీసా, తయారై అయిదు వారాలు. ఈసారి 12లో పది! గుడ్డిగా చెప్తే ఇలా రావడం దాదాపు 1,800లో ఒక్కసారి. బావ మూడుకి మూడు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "చెప్పానా? ఇదిగో, ఇదిరా ఒరిజినల్, ఈ వాసన మీ లోకల్ దాంట్లో వస్తుందా" అని గ్లాసు నా ముక్కు కింద పెట్టాడు.

నిజంగానే వాసన వేరు. ఇంపోర్టెడ్ అనగానే నాకూ ఎప్పుడూ గుర్తొచ్చే వాసన అదే, ఆ ఘాటు, ఆ కాస్త గంధకపు కొస. అప్పుడు తగిలింది నాకు. ఇన్నేళ్లూ నేను ఫారిన్ రుచి అనుకుని తల ఊపింది దీనికేనా? వారం తర్వాత అదే ఇంపోర్టెడ్ బీరు క్యాన్ దొరికితే తెచ్చి లోకల్‌తో మళ్లీ పోల్చాం. 12లో నాలుగు. క్యాన్‌లో వచ్చేసరికి ఆ ఒరిజినల్ వాసన మాయమైపోయింది.

బావ ఒప్పుకోలేదు. ఆ క్యాన్ డూప్లికేట్ అన్నాడు.

అందుకని అక్క, నేను కలిసి చిన్న మోసం చేశాం. లోకల్ బీరుని తెల్ల గాజు గ్లాసులో పోసి, మూత పెట్టి, పదే పది నిమిషాలు కిటికీ గట్టు మీద ఎండలో ఉంచాం. తర్వాత కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి, రేకు చుట్టి తీసుకెళ్లి ఇచ్చాం. బావ వాసన చూశాడు, ఒక గుటక వేశాడు, కళ్లు మూసుకున్నాడు.

"గ్యాస్ కాస్త తగ్గింది గానీ," అన్నాడు, "ఇది మాత్రం ఖాయంగా ఇంపోర్టెడ్ రా. ఎక్కడ దొరికింది?"

అక్క వంటింట్లోకి వెళ్లిపోయింది, నవ్వు ఆపుకోలేక.